రీలులో మొదటి ముక్క

నాచారం,
3 నవంబర్ 2025, సోమవారం

తమ్ముడు తిరుపతికి,

అక్క శ్యామల రాస్తున్నది. కాలు విరిగాక మొదటిసారి వాకర్ పట్టుకుని వంటింటి దాకా నడిచావని రాణి చెప్పింది. మనసు కొంచెం కుదుటపడింది. ఇంకో నెల ఓపిక పట్టు, మెట్ల జోలికి మాత్రం పోకు.

మన గతి చూడు. నువ్వు ఉప్పల్, నేను నాచారం. మధ్యలో పట్టుమని నాలుగు కిలోమీటర్లు కూడా లేవు. నువ్వు మూడో అంతస్తు దిగలేవు, నేను మీ బావను వదిలి గడప దాటలేను. ఫోన్ చేద్దామంటే మల్లాపూర్‌లో రేకులు కొట్టే షెడ్డు నీ చెవులు తినేసింది. వాట్సాప్‌లో రాద్దామంటే, కంటి ఆపరేషన్ అయినవాడిని, ఆ చీమలను చదవలేనంటావు. మధ్యలో మనిషిని పెట్టి చెప్పిస్తే సగం మాట దారిలోనే పడిపోతుంది. అందుకే కాగితం తీశాను. బడిలో పాఠాలు చెప్పిన చేతిరాత కాబట్టి నీకు కష్టం ఉండదు. మన ఇద్దరి ఇళ్లకూ వచ్చే ఫిజియో రాణి ఒక్కతే కదా, ఉత్తరాలు మోస్తానంది. షరతు కూడా పెట్టింది. "సోమవారం, బేస్తవారం. పొద్దుగాల నీ దగ్గర, సాయంత్రం ఆయన దగ్గర. నడుమల ఫోన్ జేసి ఉరికిరమ్మంటే రాను అమ్మా." అంటే నా ఉత్తరం నీకు అదే రోజు అందుతుంది, నీ జవాబు నాకు ఆ పై వారానికి వస్తుంది.

అసలు సంగతి. మీ బావకు పక్షవాతం వచ్చి వచ్చే నెల పదికి ఆరు నెలలు నిండుతాయి. కుడి చెయ్యి, కుడి కాలు కొంచెం కదులుతున్నాయి. మాటే రావడం లేదు. "ఆ" అని ఒక్కటే అంటారు. మాటల డాక్టరు, "ఆరు నెలల్లో రాగలిగింది రానివ్వాలమ్మా, తర్వాత చాలా నెమ్మది" అన్నాడు. ఆయనకు ఇష్టమైన పాత ఫొటోలు చూపిస్తూ మాట్లాడించమన్నాడు. నలభై ఏళ్లు ఊరందరి ఫొటోలు తీసిన మనిషికి చూపించడానికి ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఆల్బంలూ, పాత కంప్యూటరూ 2020 వానకు నీళ్లలో మునిగిపోయాయి. సజ్జ మీద ఉన్న నెగెటివ్‌ల డబ్బాలు, మన స్టూడియో స్కానర్ మాత్రమే మిగిలాయి.

నాకు పెద్ద ఆశలేం లేవు తిరుపతీ. పెళ్లయిన నాటి నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఇగో" అనేవారు. ఒక్కోసారి పని మీద ఉన్నప్పుడు "ఇగో" అని పిలిచి, తీరా నేను తిరిగి చూసి "ఏంది?" అంటే "ఏం లేదు" అనేవారు. అప్పుడు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ "ఇగో" ఒక్కటి వింటే చాలనిపిస్తోంది.

మా అమ్మాయి సంతోషి పుణె నుంచి కొత్త ల్యాప్‌టాప్ పంపింది. స్కానర్ తీగ దానికి గుచ్చాను. గుర్తు తెలియని పరికరమని రాసి ఊరుకుంది. ఏం చెయ్యాలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి రాయి. స్కానర్‌ను నేను నిర్లక్ష్యం చెయ్యలేదు. దుకాణం మూసినప్పటి నుంచి ప్రతి దసరాకూ ఆయుధపూజనాడు దానికి బొట్టు పెడుతూనే ఉన్నాను.

నీ అక్క,
శ్యామల

ఉప్పల్,
5 నవంబర్

అక్కకు నమస్కారం.

ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. ఈ గదిలో మంచం, కిటికీ తప్ప నాకేం లేదు. కిటికీలోంచి చూస్తే ఫ్లైఓవర్ పని, దుమ్ము. మెట్రో పోతుంటే కనపడుతుంది, చప్పుడు వినపడదు. అలాంటిది నువ్వు స్కానర్ గురించి అడిగావు. ఇక చూసుకో.

హైదరాబాద్‌లో ఆ మెషిన్ గురించి నాకంటే తెలిసినవాడు లేడు. బావ దాన్ని కొన్నాడంతే, నడిపింది నేను. నువ్వు చేసిన తప్పు ఏమిటంటే ముందు తీగ గుచ్చావు. ముందు సీడీ వెయ్యాలి. పసుపుపచ్చ కవర్లో ఉంటుంది, నెగెటివ్‌ల డబ్బాలోనే అడుగున పెట్టాను. సీడీ వేసి, అది అడిగిన ప్రతిదానికీ అవునని చెప్పు. ఆ తర్వాత తీగ. తర్వాత స్కానర్ వెనక బటన్. పచ్చ దీపం వెలుగుతుంది. మూతలో కూడా దీపం ఉంటుంది, నెగెటివ్‌లకు అదే ముఖ్యం. నెగెటివ్ మెరిసే వైపు కిందికి పెట్టాలి.

ఇంకో సంగతి. ప్రతి కవర్లోనూ మొదటి ముక్క మొదటి బొమ్మ స్కాన్ చెయ్యకు. అది సగం నల్లగా మాడి ఉంటుంది. కెమెరాలో రీలు ఎక్కించాక రెండుసార్లు ఉత్తినే నొక్కి తిప్పాలి కదా, ఆ చెత్త అది. నెగెటివ్‌లు కత్తిరించి కవర్లలో పెట్టే పని నాదే. ఆ ముక్క కత్తిరించి పారేద్దామంటే బావ ఒప్పుకునేవాడు కాదు. "ఉండనియ్యి, నీదేం పోతది" అనేవాడు. చివరికి ముక్కలు కవర్లలో పట్టక నేనే తిట్టుకునేవాడిని. దాంతో సమయం పాడు చేసుకోకు, నీకు ఉన్నదే నెల.

బొట్టు అన్నావు. అద్దం మీద పెట్టలేదు కదా? అద్దం మీద పెడితే ప్రతి ఫొటోలో కుంకుమ పడుతుంది.

తొందరపడకు. అయిపోతుంది. ఫొటోలు రాగానే నాకు కూడా ఒకటి పంపు.

తమ్ముడు,
తిరుపతి

నాచారం,
13 నవంబర్, గురువారం

తిరుపతీ,

సీడీ దొరికింది. పెట్టడానికి చోటే లేదు. ల్యాప్‌టాప్‌ను నాలుగు వైపులా తిప్పి చూశాను, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాను. సంతోషికి ఫోన్ చేస్తే నవ్వింది. ఇప్పటి వాటికి సీడీ పెట్టే అర ఉండదట. "ఎవరు చెప్పారమ్మా నీకు?" అంటే, హైదరాబాద్‌లో అందరికంటే తెలిసిన మా తమ్ముడు అన్నాను.

తర్వాత ఉప్పల్ డిపో ఎదురుగా రిపేర్ షాపు పెట్టుకున్న దుర్గేష్‌ను పిలిపించాను. వచ్చీ రాగానే స్కానర్ చుట్టూ తిరిగి, "అమ్మా, దీన్ని తయారు జేసినోళ్లే మరిచిపోయిన్రు. గీ కంప్యూటర్‌కు దీని భాష రాదు" అన్నాడు. నా ముఖం చూశాడేమో, కూర్చున్నాడు. పాత స్కానర్లతో పని చేయించే వేరే ప్రోగ్రాం ఏదో ఉందట, అది ఎక్కించాడు. రెండు గంటలు పట్టింది. పూర్తయ్యేసరికి ల్యాప్‌టాప్ తెర మీద స్కానర్ పేరు వచ్చింది. నేను దుర్గేష్‌కు రెండోసారి చాయ్ పెట్టాను.

కానీ నొక్కితే పని చెయ్యలేదు. దీపం వెలిగింది. లోపల కరకర, కరకర అని చప్పుడు. తర్వాత ఆగిపోయి, తెర మీద ఏదో తప్పు జరిగిందని ఇంగ్లీషులో వచ్చింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. దుర్గేష్ తల గోక్కుని, ప్రోగ్రాం మళ్లీ ఎక్కించి చూస్తానని వెళ్లాడు.

నాకు భయం వేసింది వేరే దానికి. స్కానర్‌ను భోజనాల బల్ల మీద పెట్టాం, మీ బావ పక్కనే కుర్చీలో ఉన్నారు. చప్పుడు రాగానే "ఆ, ఆ" అని ఎడమ చెయ్యి చాచి, స్కానర్ అంచు పట్టుకుని పైకి లేపేశారు. దుర్గేష్ పట్టుకోకపోతే కింద పడి అద్దం పగిలేది. ఎందుకంత కోపమో నాకు అర్థం కాలేదు. ఆయన వస్తువును పరాయివాడు ముట్టుకున్నాడనా? లేక తెలియడం లేదా? అన్నం ముందు పెడితే తింటున్నారు, టీవీ పెడితే చూస్తున్నారు. ఎంత తెలుస్తోందో, ఎంత తెలియడం లేదో ఎవరిని అడగాలి?

బొట్టు అద్దం మీద పెట్టలేదులే. సజ్జ ఇరుకు కదా, స్కానర్‌ను పలకలా నిలబెట్టి ఉంచాం. బయటికి కనపడే వైపే పెట్టాను.

ఆ కరకర ఏమిటో రాయి. నాకు నువ్వే దిక్కు.

అక్క

ఉప్పల్,
16 నవంబర్, ఆదివారం

అక్కా,

సీడీ మాట వదిలెయ్యి. కాలం మారింది, నాకు తెలియలేదు. రేకుల షెడ్డులో చేరాక కంప్యూటర్ ముట్టుకున్నది లేదు.

కరకరకు కారణం నాకు తెలుసు. ఆ దుర్గేష్ ఎక్కించిన ప్రోగ్రామే. ఊరూపేరూ లేని ప్రోగ్రాంతో మెషిన్ ఎలా నడుస్తుంది? దాన్ని తీసేసి అసలుది ఎక్కించమను. ఇంకా కొన్ని రాస్తున్నాను, అన్నీ చేసి చూడు. కరెంటు తీగ నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టు, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. దీపం వెలిగాక పది నిమిషాలు వేడెక్కనివ్వు. కంప్యూటర్ తీగ మార్చి చూడు. చలికాలం కాబట్టి లోపలి గ్రీజు గట్టిపడి ఉండవచ్చు, పొద్దున ఎండలో ఒక గంట పెట్టు.

ఇక బావ సంగతి. నాకేమీ ఆశ్చర్యం లేదు. ఆ మెషిన్‌ను ఆయన నన్ను తప్ప ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేనే ఒకసారి మూత గట్టిగా వేశానని వారం మాట్లాడలేదు. ఆ కోపమే ఇది. మనిషికి అన్నీ పోయినా కోపం చివరిదాకా ఉంటుంది కాబోలు. ఆయన కంటికి కనపడకుండా పడకగదిలో పెట్టుకుని చేసుకో.

నా మీద నాకే విసుగ్గా ఉంది. అక్కడ ఉంటే చప్పుడు వినకపోయినా చెయ్యి పెట్టి చెప్పేవాడిని, మోటారు తిరుగుతోందో లేదో. ఇక్కడి నుంచి చీకట్లో రాళ్లు వేస్తున్నాను.

తిరుపతి

నాచారం,
24 నవంబర్, సోమవారం

తమ్ముడూ,

నువ్వు రాసినవన్నీ చేశాను. గోడకు పెట్టాను. తీగ మార్చాను. ఎండలో పెడితే పక్కింటి లక్ష్మీనర్సమ్మ వచ్చి, వడియాలేమోననుకున్నా అంది. దుర్గేష్ మూడుసార్లు వచ్చాడు. ఆ తయారుచేసినవాళ్ల అసలు ప్రోగ్రాం ఈ కంప్యూటర్‌లోకి రానే రాదట. "ప్రోగ్రాంది తప్పుగాదు అమ్మా. లోపల ఏందో పట్టుకుంటున్నది. ఇప్పి సూడమంటవా?" అన్నాడు. విప్పితే మళ్లీ కూర్చోబెట్టగలవా అని అడిగాను. చాయ్ గ్లాసు అందుకున్నాడు. వద్దన్నాను.

పడకగదిలో పెట్టినా లాభం లేదు. ఆ చప్పుడు వినపడగానే హాల్లోంచి "ఆ, ఆ" అని ఒకటే అరుపు. నేను వెళ్లేదాకా ఊరుకోరు. వెళ్తే చెయ్యి పట్టుకుని గది వైపు లాగుతారు. సరే, చూస్తే శాంతిస్తారేమోనని మొన్న శనివారం మళ్లీ బల్ల మీదే పెట్టాను. నెగెటివ్ సర్దుతున్నాను, ఇంతలో అంచు పట్టుకుని ఒక్కసారిగా పైకి తిప్పేశారు. నెగెటివ్‌లన్నీ నేల మీద పడ్డాయి. నేను ఒడిసి పట్టుకున్నాను కాబట్టి మెషిన్ ఆగింది.

తిరుపతీ, ఆయన చెయ్యి మీద కొట్టాను.

గట్టిగానే కొట్టాను. పిల్లల్ని కూడా నేను బడిలో కొట్టలేదు, నీకు తెలుసు. "మీకోసమే కదా చస్తున్నాను" అని అరిచాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని నా వంక చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఏముందో నాకు తెలియలేదు. వంటింట్లోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి అన్నం కలిపి పెట్టాను. తిన్నారు.

ఇంకా పదహారు రోజులు ఉన్నాయి. నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు. వదిలెయ్యమంటావా?

శ్యామల

ఉప్పల్,
26 నవంబర్

అక్కా,

వదలకు. కొట్టినందుకు బాధపడకు, ఆయనకు తెలియదు, గుర్తుండదు కూడా. నా మాట విను. స్కానర్ నడుపుతున్నంతసేపు ఆ ఎడమ చెయ్యిని మెత్తని గుడ్డతో కుర్చీ చెయ్యికి కట్టు. పాత చీర అంచు అయితే నొప్పి పెట్టదు. పావుగంట పని, తర్వాత విప్పెయ్యి. ఆ మెషిన్ కింద పడి అద్దం పగిలిందా, ఇక నెగెటివ్‌లు చూసే దారి లేదు. అలాంటి అద్దం ఇప్పుడు ఎక్కడా దొరకదు. బావ మంచికే చెబుతున్నాను.

లోపలి బెల్టు తెగి ఉంటుందని నా అనుమానం. దుర్గేష్‌ను మూత తీసి అద్దం పక్క నుంచి టార్చి వేసి చూడమను. దీపం ఉన్న కడ్డీ ఇటు చివర ఉందా, మధ్యలో ఆగిందా రాయి.

నిన్న మెట్ల దాకా వెళ్లాను. మూడు మెట్లు దిగి, ఎక్కలేక అక్కడే కూర్చున్నాను. మా ఆవిడా పక్కింటివాళ్లూ కలిసి పైకి లాగారు. నీకు రాణి ఎలాగూ చెబుతుంది, ముందే రాస్తున్నాను. తిట్టకు. నాలుగు కిలోమీటర్లు రాలేని తమ్ముడు ఎందుకు?

తిరుపతి

నాచారం,
4 డిసెంబర్, గురువారం

తిరుపతీ,

ఇది రాణి పక్కన కూర్చుని ఉండగా రాస్తున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. మంగళవారం కట్టాను. నా నీలం చీర అంచు చించి, కుర్చీ చెయ్యికి రెండు చుట్లు చుట్టాను. ఆయన గింజుకోలేదు. కట్టించుకున్నారు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది. స్కానర్ నొక్కాను. కరకర. మళ్లీ నొక్కాను. కరకర. తల తిప్పి చూస్తే ఆయన ఎడమ కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. నేను తుడిచాను. తుడిచి, మళ్లీ నొక్కాను. నేను ఎలాంటి మనిషినో నాకే తెలియలేదు. బుధవారమూ అంతే.

ఈరోజు పొద్దున మళ్లీ కట్టాను, రాణి వచ్చేసరికి విప్పడం మరిచిపోయాను. చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏందమ్మా గిది? ఒక చెయ్యి పడిపోయి ఇంకో చెయ్యే మిగిలె. ఆ మిగిలిన చెయ్యిని కడ్తవా?" అంది. నేను అంతా చెప్పాను. స్కానర్ పడేస్తారని, నువ్వు కట్టమన్నావని. రాణి కట్టు విప్పి, ఆయన మణికట్టు రుద్దుతూ అంది. "కోపమొస్తే మనిషి విసిరేస్తడు. ఈయన ఎన్నడన్న విసిరేసిండా? జర ఆ చెయ్యి ఏం జేస్తదో సూడనియ్యి. కింద పడకుంట నేను పట్టుకుంట."

నొక్కాను. కరకర మొదలైంది. ఆయన చెయ్యి చాచి అంచు పట్టుకున్నారు. పైకి లేపారు. రాణి అటు వైపు పట్టుకుంది. ఆయన తిప్పుతూనే ఉన్నారు, స్కానర్ నిలువుగా లేచేదాకా. అప్పుడు దాని అడుగు మా వైపుకు వచ్చింది. నేను ప్రతి దసరాకూ బొట్టు పెట్టింది ఆ అడుగుకే. సజ్జ మీద నిలబెట్టినప్పుడు బయటికి కనపడేది అదే. తొమ్మిది దసరాల పసుపు, గంధం, కుంకుమ ఒకదాని మీద ఒకటి గడ్డకట్టి రూపాయి బిళ్లంత అయింది. ఆయన వేలు పెట్టి ఆ గడ్డనే గోకారు.

పిన్నీసుతో గీకాను. కింద చిన్న గుంట, గుంటలో తిప్పే మీట. పక్కనే తాళం కప్ప బొమ్మ. లోపలి కడ్డీ కదలకుండా బిగించే తాళమని అప్పుడు అర్థమైంది. బొట్టు గడ్డ తీసి మీట అటు తిప్పాను. బల్ల మీద పెట్టి నొక్కితే కరకర లేదు. కడ్డీ మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. మొదటి రోజు నుంచి ఇదే చెబుతున్నారు తిరుపతీ. ఆయనకు అన్నీ తెలుసు. నేను కొట్టినదీ తెలుసు, కట్టినదీ తెలుసు.

నాలుగైదు పెళ్లిళ్ల ఫొటోలు స్కాన్ చేసి చూపించాను. నువ్వు చెప్పినట్టే మొదటి బొమ్మ వదిలేసి. ఆయన చూడలేదు, ముఖం అటు తిప్పుకున్నారు. నా మీద కోపం వచ్చిందంటే న్యాయమే. ఆ తాళం ఎవరు వేశారో నీకు తెలుసా?

అక్క

ఉప్పల్,
7 డిసెంబర్, ఆదివారం

అక్కా,

తాళం వేసింది నేనే.

నీ ఉత్తరం గురువారం రాత్రే చదివాను. మూడు రోజులుగా జవాబు రాయలేకపోయాను. దుకాణం మూసిన రోజు సామాను ట్రాలీ ఆటోలో ఎక్కిస్తుంటే, గుంతల రోడ్డు, లోపలి కడ్డీ కదిలిపోతుందని నేనే తిరగేసి తాళం తిప్పాను. బావ పక్కనే ఉన్నాడు. "లాక్ ఏసినవా?" అన్నాడు. "ఏసిన బావా" అన్నాను. మేమిద్దరం ఆ మెషిన్ గురించి మాట్లాడుకున్న చివరి మాట అదే. మర్నాడు నేను రేకుల షెడ్డులో చేరాను. దుకాణం పోయిన బాధలో ఒకరి ముఖం ఒకరం సరిగ్గా చూసుకోలేదు.

హైదరాబాద్‌లో నాకంటే తెలిసినవాడు లేడని రాశాను. ఆ కాగితం ఉంటే చింపెయ్యి. ప్రోగ్రాం అన్నాను, గ్రీజు అన్నాను, బెల్టు అన్నాను. నేను వేసిన తాళాన్ని మాటలేని మనిషి వేలితో చూపిస్తుంటే, ఆ చెయ్యి కట్టెయ్యమని రాశాను. పైగా ఆయనకు తెలియదు, గుర్తుండదు అన్నాను. మరిచిపోయింది నేను.

బావకు ఇది చదివి చెప్పు. ఆయన వింటాడు, ఇప్పుడు మనకు తెలుసు. క్షమించమని నేను అడగను, క్షమించాడో లేదో ఆయన వంక చూసి నువ్వే తెలుసుకుని రాయి.

ఇంకేం సలహా చెప్పను. నీకు తోచినట్టు చెయ్యి. బావకు తోచినట్టు చెయ్యనివ్వు.

తిరుపతి

నాచారం,
11 డిసెంబర్, గురువారం

తిరుపతీ,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. మీ బావకు మొత్తం చదివి వినిపించాను. "లాక్ ఏసినవా" దగ్గర ఆయన ఎడమ చెయ్యి గాలిలో తిప్పి చూపించారు, తాళం తిప్పినట్టు. తర్వాత నవ్వారు. నోరు ఒక వైపే లేచింది, కానీ నవ్వే. కాబట్టి నువ్వు మూడు రోజులు తినకుండా కూర్చున్నది చాలు. రాణి చెప్పింది.

నిన్నటితో ఆరు నెలలు నిండాయి. మాట రాలేదు. ముందే రాస్తున్నాను, ఆశపడి చదవకు.

సోమవారం రాణి వెళ్లాక మళ్లీ స్కానర్ పెట్టాను. నెగెటివ్ ముక్కను చట్రంలో పెట్టి, నువ్వు చెప్పినట్టే మొదటి బొమ్మ చట్రం బయటకు వచ్చేలా జరిపాను. ఆయన చెయ్యి చాచి ముక్కను వెనక్కి లాగారు. నా చెయ్యి ఆయన చెయ్యిని పట్టుకోవడానికి లేచింది. ఆపుకున్నాను. అలవాటు ఎంత తొందరగా అవుతుందో చూడు. ఆయన ఒక్క వేలితో మెల్లగా జరిపి, ఆ మాడిన బొమ్మనే సరిగ్గా మధ్యలోకి తెచ్చారు. నొక్కమన్నట్టు నా వంక చూశారు.

నొక్కాను. తెర మీద సగం తెల్లగా కాలిపోయి వచ్చింది. మిగిలిన సగంలో నేను ఉన్నాను. స్టూడియో వెనక గదిలో, పీట మీద కూర్చుని అనపకాయలు వలుస్తూ, అప్పుడే ఇటు తిరిగి చూస్తూ.

ఇంకో కవరు ఇచ్చారు. మొదటి ముక్క, మొదటి బొమ్మ. నేను. బడి పుస్తకాలు దిద్దుతున్నాను, ఎర్ర పెన్ను చేతిలో ఉంది, ముఖం ఇటు తిరుగుతోంది. ఇంకోటి. సంతోషిని చంకనేసుకుని పొయ్యి దగ్గర, చిరాగ్గా ఇటు చూస్తూ. ఒక దాంట్లో తడి జుట్టు. ఒక దాంట్లో నువ్వూ ఉన్నావు, కోరమీసంతో, సగం కాలిపోయి. నువ్వు కెమెరా వైపు చూడటం లేదు. నేను చూస్తున్నాను. ఈ నాలుగు రోజుల్లో నలభై రెండు చూశాం. నలభై రెండింట్లోనూ నేను ఎవరో పిలిస్తే తిరిగినట్టే ఉన్నాను.

పిలిచారు కాబట్టే తిరిగాను. పొద్దున పూట గుమ్మంలో నిలబడి రీలు ఎక్కిస్తూ "ఇగో" అనేవారు. "ఏంది?" అని తిరిగేదాన్ని. అప్పుడు నొక్కేవారు. "ఏం లేదు, రీలు తిప్పుతున్న" అనేవారు. ఉత్తినే నొక్కుతున్నారనే నేను అనుకున్నాను. నువ్వూ అనుకున్నావు. ఇన్నేళ్లూ పారెయ్యనివ్వకుండా దాచారు, ఒక్కటి కూడా ప్రింటు వేయించలేదు, నాకు చెప్పనూ లేదు. నేను ఇంత అందంగా ఉండేదాన్నని నాకు తెలియదు తిరుపతీ.

మాటల డాక్టరుకు ఫోన్ చేశాను. ఆరు నెలల తర్వాత కూడా నెమ్మదిగా రావచ్చమ్మా అన్నాడు. రాకపోవచ్చు కూడా కదా అన్నాను. అవునన్నాడు. సరే అన్నాను. ఇంకా రెండు డబ్బాలు ఉన్నాయి. నీ కాలు సంక్రాంతి దాటేసరికి బాగవుతుందని రాణి అంటోంది. రా. నువ్వు ఉన్న ఫొటో నీకు పంపను, వచ్చి చూసుకో.

ఈ ఉత్తరం రాస్తుంటే మధ్యలో ఆయన ఎడమ చెయ్యితో నా భుజం తట్టారు. నీళ్లు కావాలేమోనని తిరిగి, "ఏంది?" అన్నాను. నా ముఖం వంక కాసేపు చూసి, ఏం లేదన్నట్టు చెయ్యి ఊపారు.

నీ అక్క,
శ్యామల